పెద్దల మతికి కొలమానము

మన పూర్వులు ధాన్యము కొలుచునపుడు మానిక యెచ్చటిదో మొదట విచారించెడివారు. ఒక సీమ సేరు మఱియొక సీమ సేరునకు సరిపోయెడిది కాదు. కొలతపాత్ర యెట్టిదో తెలియక కొలిచినచో, లెక్క యెంత చక్కగ వ్రాసినను అది లెక్క కానేరదు. గింజల విషయమున నింత జాగ్రత్తపడు మనము, మనుష్యుని మతిని కొలిచి "ముప్పదికి పదునేడు" అని యెవరైన కాగితముపై వ్రాసి యిచ్చినపుడు మాత్రము, ఆ ముప్పది యెవరిని జూచి యేర్పఱచినదో యడుగకయే తల వంచుచున్నాము. ఈ విషయమై సోదరీమణులతో నాలుగు మాటలు ముచ్చటింపవలెనని మా కోరిక. ఏలయన, ఇంటి పెద్దలను వైద్యుని యొద్దకు తోడ్కొనిపోవువారము, ఆ కాగితమును చేతబట్టుకొని తిరిగివచ్చువారము, పిమ్మట దినదినము వారితో మెలగువారము చాలవఱకు స్త్రీలమే గదా!

మా నివాసము హైదరాబాదులోని అమీర్‌పేట. మా వారు బడిపంతులు. మేము బడిలో చదివినవారము కాము. పుట్టినింట తండ్రిగారి చెంత అమరకోశమును, కొన్ని కావ్యములను పఠించితిమి. అమరసింహుడు బుద్ధికి పదునాలుగు పేర్లు చెప్పి, విన్నదానిని నిలుపుకొను బుద్ధికి మేధ యని వేఱొక పేరు పెట్టినాడు. బుద్ధి యొక్కటియే ముద్ద కాదనియు, అందు పలు శక్తులు కలవనియు మన వారెఱుగుదురన్న మాట. నేటి వైద్యులును అట్లే జ్ఞాపకము వేఱు, ఏకాగ్రత వేఱు, భాష వేఱు, ఆకారములను గుర్తించి గీయుట వేఱు, ముందు వెనుకలు విచారించి పని నడుపుట వేఱని విభజించి యొక్కొక్క దానిని విడివిడిగ పరీక్షింతురు.

ఇట్టి పరీక్షలలో మిక్కిలి ప్రసిద్ధమైనది 1975 లో అమెరికాలో ఫోల్‌స్టీన్ దంపతులును మెక్‌హ్యూ అను వైద్యుడును ప్రకటించిన "మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్". పది నిమిషములలో ముగియును. మొత్తము 30 మార్కులు. కాలము తెలియునా యని 5, స్థలము తెలియునా యని 5, మూడు మాటలు విని తిరిగి పలుకుటకు 3, నూటినుండి ఏడేసి తీసివేయుటకు గాని యొక పదమును వెనుకనుండి అక్షరము లొప్పజెప్పుటకు గాని 5, ఆ మూడు మాటలను కొంత సేపటికి మరల జ్ఞప్తికి దెచ్చుకొనుటకు 3, వస్తువుల పేర్లు చెప్పుట, వాక్యము పలుకుట, చెప్పిన పనిని వరుసగ చేయుట, చదువుట, వ్రాయుట, ఒకదానినొకటి ఖండించు రెండు పంచభుజములను చూచి గీయుట – వీని కన్నిటికి 9. ఇరువది నాలుగునకు తగ్గినచో అనుమానింపవలెనని వాడుక యేర్పడినది. ఇది రోగనిర్ణయము కాదు; జల్లెడ వంటిది. జల్లెడలో నిలిచినదెల్ల రాయి కానట్లే, క్రిందికి జాఱినదెల్ల మంచి గింజయు కాదు.

ఇక మా యింటి సంగతి. మా అత్తగారు పోలీసు చర్య జరిగిన 1948 వ సంవత్సరమున మెదకు ప్రాంతపు పల్లెలో జన్మించిరి. ఆడపిల్లకు చదువేల యని వారిని బడికి పంపలేదు. వారి తమ్ముడు 1952 లో పుట్టెను. ఆయనను పట్నమునకు పంపి బి.ఏ. వఱకు చదివించిరి. ఆయన ప్రభుత్వపు లెక్కల కచేరీలో పనిచేసి పింఛను పుచ్చుకొని, పంజాగుట్టలో కాపురముండిరి. ఒకే తల్లి కడుపున బుట్టి, ఒకే గాదె గింజలు తిని పెరిగిన యీ యిరువురిని ఒకే కాగితముపై కొలిచినపుడు జరిగిన వింతయే మాచే నీ వ్యాసము వ్రాయించుచున్నది.

2025 వ సంవత్సరము శ్రావణమాసమున మా యింటికి దవ్వు కాని యొకచోట వృద్ధులకు ఉచిత పరీక్షలని విని అక్కను తమ్ముని ఇరువురిని తీసికొనిపోతిమి. మా అత్తగారికి వచ్చినవి 17 మార్కులు. కాగితము క్రింద "మతిమరపు వ్యాధి యనుమానము" అని వ్రాసి, ఇంక పిలువబడు వారిని పిలిచిరి. తమ్మునికి 27. "మీకేమియు భయము లేదు" అని నవ్వుచు పంపిరి.

ఇంటికి వచ్చి మా వారు ఆ కాగితమును బడిపిల్లల జవాబు పత్రమును దిద్దినట్లు దిద్దిరి. పోయిన 13 మార్కులు ఎచ్చటెచ్చట పోయినవో చూతము. ఏ సంవత్సరమని యడుగగా మా అత్తగారు "విశ్వావసు" అనిరి; ఏ మాసమనగా "శ్రావణము" అనిరి; ఏ తేదీ యనగా తిథి చెప్పిరి. మూడును తప్పులని మూడు సున్నలు. ఋతువును, వారమును సరిగ చెప్పినందున రెండు మార్కులు దక్కినవి. ఎన్నవ అంతస్తున నున్నామని యడిగిరి, లిఫ్టులో నెక్కించి తీసికొనిపోయినందున చెప్పలేకపోయిరి, ఒకటి పోయినది. పదమును వెనుకనుండి అక్షరము లొప్పజెప్పుమనిరి. అక్షరమే యెఱుగని వారు చెప్పుట యెట్లు? అయిదు పోయినవి. చదువుటకు ఒకటి, వ్రాయుటకు ఒకటి, పెన్సిలు పట్టి గీయుటకు ఒకటి. ఇవి పండ్రెండు. మూడు మాటలలో మఱచిన దొక్కటే మాట. పదుమూడింటిలో నిజముగ మఱపునకు పోయినది ఒక్కటి. తక్కిన వానిలో ననేకము బడిలేమికి పోయినవి, కొన్ని పంచాంగమునకు పోయినవి!

ధనుర్మాసమున నెలదినములు ఇరువదియొక చుక్కల ముగ్గును గీత తెగకుండ వేయు చేయి అది. పాలవాని లెక్క, చాకలి లెక్క నోటనే చెప్పు నోరు అది. నూరు రూపాయలలో ఏడేసి రూపాయలు వ్యయమైన నెంత మిగులునని మేము వంటయింట నడుగగా, తొంబది మూడు, ఎనుబది యాఱు, డెబ్బది తొమ్మిది యని తడువుకొనక చెప్పుచుపోయిరి. వాక్యము వ్రాయలేదు గాని, పోతన పద్యములు విని నేర్చినవి యెన్నియో వారికి కంఠస్థము.

అయినను కాగితమునకు గల బలము మనుష్యునకు లేదు. వారము తిరుగకమున్నే మా బావగారు బీరువా తాళపుచెవులు తీసికొనిరి. పొయ్యి దగ్గఱకు పోరాదని కట్టడి యేర్పడెను. పుట్టినింటి పొలములో వారి భాగమును గూర్చి కాగితములు వ్రాయవలసియుండగా, బంధువొకరు వారి యెదుటనే "మతి లేని మనిషి సంతకము చెల్లునా?" అనిరి. మా అత్తగారు ఆ రాత్రి అన్నము ముందు కూర్చుండి, "చదువు రాకపోతే మతి లేనట్టేనా, బిడ్డా?" అని మమ్మడిగిరి. మేము తోడనే బదులు చెప్పలేదు. ఆ ప్రశ్నకు బదులు వెదకుటకే అటుపిమ్మట చదువవలసినవి చదివితిమి, అడుగవలసిన వారిని అడిగితిమి.

మాకు తెలిసినంతలో ఆ బదులు ఇది. ఏ పరీక్షకైనను మార్కులు తమంత తామేమియు చెప్పవు. ఆ వయస్సున, అంత చదువుతో, ఆ భాషలో, ఆ యూరిలో నారోగ్యముగ నున్నవారికి సాధారణముగ నెన్ని వచ్చునో తెలిసినపుడే, ఒకరికి వచ్చినవి తక్కువో కావో చెప్పగలము. ఆ "సాధారణము"నే శాస్త్రజ్ఞులు ప్రమాణమందురు. మా వారి మాటలో చెప్పవలెనన్న, అయిదవ తరగతి పిల్లవానికి పదవ తరగతి ప్రశ్నపత్రమిచ్చి, తప్పినాడు గనుక మందబుద్ధి యనరాదు.

ఈ సంగతి అమెరికాలోనే ముందు తేలినది. అచ్చటి అయిదు ప్రాంతములలో 1980 మొదలు 1984 వఱకు 18,056 మందికి ఈ ముప్పది మార్కుల పరీక్ష చేసి, 1993 లో ఆ దేశపు వైద్యసంఘ పత్రికలో లెక్క ప్రకటించిరి. అందఱిని మార్కుల వరుసలో నిలిపినచో సరిగ నడుమ నిలుచువానికి వచ్చిన మార్కులు చూడుడు. తొమ్మిదేండ్లకు తక్కువ కాకుండ బడికి పోయినవారిలో 29. అయిదు మొదలెనిమిదేండ్లు పోయినవారిలో 26. నాలుగేండ్లు గాని అంతకు తక్కువ గాని పోయినవారిలో 22. వయస్సును బట్టి చూచినను, పదునెనిమిది మొదలిరువది నాలుగేండ్ల వారిలో 29 గా నున్నది, ఎనుబది దాటినవారిలో 25 కు దిగినది. చదువు తక్కువైన వారిలో నడిమివాడే 22 కడ నున్నపుడు, 24 అను గీత గీసినచో సగముకంటె నెక్కువమంది గీతకు క్రిందనే పడుదురు గదా! వారందఱు రోగులా?

అయిన ఆ లెక్కను మనము తెచ్చుకొన్న చాలదు. నాలుగేండ్లు చదివి, వార్తాపత్రికలు, బోర్డులు, ఫారములు నిండిన దేశమున బ్రదికినవాడు వేఱు. పలక మొగమే యెఱుగక, పంచాంగముతో పంటలతో కాలము గడిపిన మన యవ్వ వేఱు. 1951 జనాభా లెక్కలలో మన దేశమున అక్షరాస్యులు నూటికి పదునెనిమిది మంది. స్త్రీలలోనన్న నూటికి తొమ్మండుగురైనను లేరు, 8.86 మాత్రమే. నేడు డెబ్బదియైదు దాటిన ముత్తవలు ఆ లెక్కనాటికి ఒడిలోని బిడ్డలు, లేదా పలక పట్టవలసిన పిల్లలు. వారి తల్లులకు లేని చదువు వారిలో ననేకులకును రాలేదు. అట్టివారిని కొలుచుటకు వారిని జూచియే ప్రమాణము నిర్ణయింపవలెను.

ఈ పని మన దేశమున జరుగకపోలేదు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెలలో మన వైద్యులు, అమెరికా వైద్యులు కలిసి హిందీలో నొక పరీక్ష కూర్చి 1995 లో ప్రకటించిరి. అక్షరము రానివారిని మనసులో నుంచుకొని చేసినది. పదమును వెనుకనుండి యొప్పజెప్పుటకు బదులు వారముల పేర్లు వెనుకనుండి చెప్పుమందురు. "కన్నులు మూసికొనుము" అను వాక్యమును చదివి యట్లు చేయుటకు మాఱుగ, పరీక్షించువారు తాము కన్నులు మూసి, నన్ను చూచి యట్లే చేయుమందురు. మఱియు, రోగి దినచర్య యెట్లున్నదని యింటివారిని అడుగు ప్రశ్నలును ఆ పల్లెలలోనే సిద్ధపఱచిరి. పిమ్మట కేరళలో మలయాళమున, ఇంకను ఇతర భాషలలో పరీక్షలు వెలసినవి. భారత వైద్య పరిశోధన మండలి వారు హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడము, మలయాళము అను అయిదు భాషలకు సరిపోవునట్లు పరీక్షల నొక సంపుటముగ కూర్చిరి. ఆ పనిలో మన పంజాగుట్టలోని నిజాము వైద్యవిజ్ఞాన సంస్థ, అనగా అందఱు నిమ్సు అని పిలుచునట్టిది, దాని వైద్యులకును పాలు కలదు.

మాటల తర్జుమా చేసిన మాత్రమున పరీక్ష మన దగునా? కాదు. ఆంగ్లమున నొక అక్షరముతో మొదలగు మాటలను నిమిషములో నెన్ని చెప్పగలవని అడుగుదురు. మన తెలుగున గుణింతములు, ఒత్తులు కలవు. "ప" అన్న "పా"యు "పు"యు చెల్లునా చెల్లవా యని ముందు తేల్చుకొనవలెను. అక్షరమే రానివారికి ఆ ప్రశ్నయే పనికిరాదు. జంతువుల పేర్లు చెప్పుమనుట మేలు. అడెన్‌బ్రూక్స్ అను నింకొక పేరుగన్న పరీక్షలో బొమ్మలు చూపి పేర్లడుగుదురు. మొదట విదేశమున దానిని కూర్చినపుడు అందు కంగారూ, పెంగ్విను, ఓడలంగరు, హార్పు అను వాద్యము నుండెను. మెదకు పల్లెలో పుట్టినవారు లంగరునెచ్చట చూచిరి? మఱచుట వేఱు, ఎన్నడును చూడకుండుట వేఱు. కావున బొమ్మలను మార్చి, మార్చినవి పాతవానితో సమానమైన కష్టము కలవో లేదో పరీక్షించి, అప్పుడు ప్రమాణము కట్టవలసియుండును.

మన హైదరాబాదులో మఱియొక చిక్కు కలదు. నిజాము రాజ్యమున పాలన యుర్దూలో. 1918 లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునను బోధనము ఉర్దూలోనే సాగెను. ఇంట తెలుగు మాటాడుచు, చదువు వ్రాత మాత్రము ఉర్దూలో నేర్చిన వృద్ధులు తెలంగాణమున ఉండిరి. అట్టివారికి తెలుగు వాక్యము చదువుమని యిచ్చిన, చదువుకొన్నవారే నిరక్షరులగుదురు. మా అత్తగారి వంటివారు చదువు లేకున్నను ఇంట తెలుగు, అంగడిలో దక్కనీ ఉర్దూ ధారాళముగ మాటాడుదురు. ఈ రెండు భాషల బ్రదుకే యొక గొప్ప పరిశోధనకు మూలమైనది. పంజాగుట్ట నిమ్సులో డాక్టరు సువర్ణ అల్లాడి గారు, తోడి వైద్యులు తమ జ్ఞాపకశక్తి వైద్యశాలకు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల సంగతులు పరిశీలించి 2013 లో "న్యూరాలజీ" పత్రికలో ప్రకటించిరి. వారిలో 391 మంది రెండు గాని అంతకెక్కువ గాని భాషలు వచ్చినవారు. ఒకే భాష వచ్చినవారికంటె వీరికి వ్యాధి లక్షణములు సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగ పొడసూపినవి. బడి మొగ మెఱుగని వారిలోను ఈ భేదము కనబడినది. చదువు వేఱు, బుద్ధికి కలుగు వ్యాయామము వేఱని దీనివలన గ్రహింపవచ్చును. రెండు భాషలు వచ్చిన వారందఱికి రోగము రాదని మాత్రము దీని యర్థము కాదు.

ప్రమాణము కట్టుట యెట్లని సోదరీమణులు అడుగవచ్చును. వంటకు దినుసులు కూర్చుకొన్నట్లే దీనికిని కూర్పు కలదు. ఆరోగ్యముగ నున్న వృద్ధులను వేలకొలది గాకున్నను, వందలకొలదియైనను సమకూర్చవలెను. అందు స్త్రీలు పురుషులు, పల్లెవారు పట్నమువారు, చదువనివారు, కొంత చదివినవారు, మిక్కిలి చదివినవారు, అఱువదులవారు, డెబ్బదులవారు, ఎనుబదులవారు తగినంత మంది యుండవలెను. పక్షవాతము వచ్చినవారిని, మనోవ్యాకులముతో క్రుంగినవారిని, మతిమరపు ముదిరినవారిని ముందే వేఱు చేయవలెను. లేనిచో ప్రమాణములోనే రోగము కలిసిపోవును. చెవి వినబడక, కంటికి చత్వారపు అద్దములు లేక తప్పినవానిని మతి తప్పినట్లు వ్రాయరాదు. ప్రశ్నించువారందఱు ఒకే మాటలలో, ఒకే విధమున ప్రశ్నింపవలెను. అన్నియు ముగిసిన పిమ్మట వయస్సు, చదువు – వీనిని బట్టి యొక్కొక్క పంక్తికి సగటెంత, ఆ సగటునకు ఇరుప్రక్కల జనులెంత చెదరియున్నారు అని లెక్క కట్టుదురు. ఆ చెదురుటకు కొలతగ నొక పాళ్లు కలవు. సగటునకు క్రింద ఒకటిన్నర పాళ్లకంటె దిగినవారిని అనుమానించుట సాధారణముగ నున్న పద్ధతి. మార్కులు సగటునకు రెండు ప్రక్కల సమముగ చెదరియున్నచో, ఆరోగ్యవంతులలోనే నూటికి సుమారు ఏడుగురు అచ్చటికి దిగుదురు. కనుకనే గీతకు దిగువ నుండుట తీర్పు కాదనియు, పెద్ద పరీక్షకు పిలుపు మాత్రమనియు వైద్యులు చెప్పుదురు. గీతను పైకి జరిపిన బాగున్నవారిని రోగులనుట హెచ్చును. క్రిందికి జరిపిన రోగులను బాగున్నారనుట హెచ్చును. రెండు తప్పులును లేని గీత యెచ్చటను లేదు.

ఈ రెండవ తప్పు మా యింటనే జరిగినది. తమ్మునికి 27 వచ్చెనని చెప్పితిమి గదా. ఆయన భార్యకు మాత్రము ఆ కాగితము నమ్మకము కలిగింపలేదు. ఇరువదేండ్లు లెక్కల కచేరీలో పైసా పొరపడని మనుష్యుడు కరెంటు బిల్లు రెండుమాఱులు కట్టుచుండెను. పంజాగుట్టకు తరువాతి స్టేషనే యగు అమీర్‌పేటలో మెట్రో బండి దిగి, రెండు మార్గములు కలియు చోటగుటచే తోవ తెలియక గంటసేపు నిలిచిపోయెను. అడిగిన మాటనే మరల నడుగుచుండెను. చదువుకొన్నవారికి ఇట్టి చిన్న పరీక్ష మిక్కిలి సులభము. వారి పాతచదువు లోపల జరుగుచున్న నష్టమును కొంతకాలము కప్పిపుచ్చును. పెద్ద పరీక్షలు రెండు దినములు చేయించిన పిమ్మట, అంత చదివినవారిలో నుండవలసిన దానికంటె ఆయన జ్ఞాపకము మిక్కిలి తగ్గినదని తేలినది. ముందుగ తెలిసినందున రక్తపోటు, నిద్ర, మందులు, పొలము పత్రములు అన్నిటిని ఆయన తెలివి యుండగనే చక్కబెట్టుకొనుచున్నారు.

మా అత్తగారిని తెలుగు చక్కగ మాటాడు నొక వైద్యురాలు చూచెను. తొందర లేదు. మొదట చెవులు చూచి, ఎడమ చెవికి వినుకలి తక్కువని కనుగొని కుడిప్రక్క కూర్చుండెను. థైరాయిడు, బి 12 జీవసత్త్వము పరీక్షించెను. ఇవి లోపించినను మతి మందగించుటయు, సరిచేసిన బాగగుటయు కలదట. నిరక్షరుల కుద్దేశించిన ప్రశ్నలే వేసెను. ఇంటి పనులెట్లు చేయుదురని మమ్ములను వేఱుగ అడిగెను. కడకు, "ఈ వయస్సున, బడికి పోనివారిలో మీరు సరిగ నడుమ నున్నారమ్మా, మీకు మతిమరపు వ్యాధి లేదు" అని వారి ముఖము చూచియే చెప్పెను. మా బావగారు మఱునాడు తాళపుచెవులు తెచ్చి యిచ్చిరి. పొలము కాగితములపై వేలిముద్ర పడినది.

అయినను ఒకటి చెప్పకుండరాదు. ఆనాటినుండి మా అత్తగారు తెల్లవాఱగనే గోడ కేలండరు కడ నిలిచి, మా చిన్నవానిచేత ఇంగ్లీషు తేదీ, నెల, సంవత్సరము చెప్పించుకొని, పలుమాఱులు మనసున వల్లించుకొనుచున్నారు. "మళ్ల ఎవరన్న అడిగితే?" అందురు. తాళపుచెవులు తిరిగి వచ్చినవి గాని, ఆ నిబ్బరము పూర్తిగ తిరిగిరాలేదు. తప్పు కొలత మనుష్యుని యెంత దూరము వెంబడించునో మేము ప్రతి యుదయము చూచుచున్నాము.

వ్యాధి లేదని కాని, పరీక్షలు వలదని కాని మా భావము కాదు. 2017 మొదలు 2020 వఱకు దేశమున 4,096 మంది వృద్ధులను పరీక్షించి కట్టిన లెక్కను బట్టి అఱువదేండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా కలదని అంచనా. పురుషులలో 5.8 పాళ్లు, స్త్రీలలో 9. ముసలితనమున మఱపు సహజమేనని యూరకుండుటయు కీడే. కావున తోడి సోదరీమణులకు మేము మనవి చేయునవి కొన్ని కలవు. పెద్దలను పరీక్షకు తీసికొనిపోవునపుడు కంటి అద్దములు, చెవి యంత్రమున్న నది వెంట నుంచుడు. వారెన్నేండ్లు చదివిరి, ఏ భాషలో చదివిరి, ఇంట నే భాష మాటాడుదురు అనునది పరీక్షించువారికి ముందే చెప్పుడు. జవాబులు మీరందింపకుడు. మార్కులు చెప్పినచో, "ఇట్టివారికి సాధారణముగ నెన్ని వచ్చును?" అని వినయముతో నడుగుడు. వారి యెదుట వారి మతిని గూర్చి మూడవ మనుష్యుని గూర్చి మాటాడినట్లు మాటాడకుడు. కాగితముకంటె ముందు దినచర్యను చూడుడు: నిరుడు చేసిన పని యీయేడు చేయలేకున్నచో, మార్కులెన్ని వచ్చినను వైద్యుని చూడవలసినదే.

మఱియొక మనవి. ప్రమాణములు కట్టు పరిశోధకులు ఆరోగ్యముగ నున్న పెద్దలకై యింటింటికి వచ్చినపుడు "మా యత్తకేమి పిచ్చియా?" అని తలుపు వేయువారు కలరు. బాగున్నవారు రాకున్న బాగుండుట యెట్టిదో తెలియుట యెట్లు? అందులోను, చదువురాని మన యవ్వలు రాకున్న, ప్రమాణమెల్ల చదివిన పురుషులను జూచియే యేర్పడును. వారి కొలతకే వీరిని కొలుతురు. మా అత్తగారిని అడుగగా, "నన్ను చూసి ఇంకో ముసల్దాని తాళాలు పోకుంటె మంచిదే గదా" అని యొప్పుకొనిరి. గంటన్నరసేపు ఓపికగ కూర్చుండి, అడిగినవాని కెల్ల బదులు చెప్పి వచ్చిరి.

ఆ తరమువారిని బడికి పంపనిది వారి తప్పు కాదు. చిన్ననాడు మనము వారికీయని చదువును, ముదిమిలో వారి మతికి లోపముగ లెక్కించుట న్యాయము కాదు. సరియైన మానికతో కొలిచినపుడే రోగికి వైద్యమును, ఆరోగ్యవంతునకు గౌరవమును దక్కును.